తాడు రానిదే తోలు కోయొద్దు

1949 ఎండాకాలం. బయ్యారం దగ్గర ఒక చిన్న ఊరి మాదిగవాడలో, మా అత్త పోశవ్వ ఇంటి ముందు తాటికమ్మల పందిరి కింద కూర్చుని నేను చెప్పులు కుట్టేవాడిని. పోశవ్వ నాకు మేనత్త, పిల్లనిచ్చిన అత్త కూడా. మా సొంత ఊరు లింగాల ఘనపూర్ పక్కన. మా నాయిన కిర్రు చెప్పులు కుట్టడంలో పేరున్న మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకుని, పెళ్లయ్యాక అత్తగారింటికి ఇల్లరికం వచ్చాను. ఆ తరువాత చాలా ఏళ్లకు పట్నం వెళ్లి ఒక బూట్ల ఫ్యాక్టరీలో చేరాను, కటింగ్ సెక్షన్ సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. ఇన్నేళ్ల పనిలో మరిచిపోలేనిది ఏదని ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు అడుగుతుంటారు. వాళ్లు ఏదో పెద్ద మిషను సంగతి చెబుతానని చూస్తారు. నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక జత చెప్పులు. కుడిది పొడుగు, ఎడమది పొట్టి.

అయితే ముందు ఫ్యాక్టరీ మాట ఒకటి చెప్పాలి. నేను రిటైరయ్యే ముందు మాకు ట్రైనింగు ఇవ్వడానికి ఒక ఇంజనీరు వచ్చాడు. నిదానస్తుడు, అర్థమయ్యేలా చెప్పేవాడు. బోర్డు మీద జస్ట్ ఇన్ టైమ్ అని రాశాడు. అంటే అడిగినప్పుడే, అడిగినంతే చేసి ఇవ్వడం. ముందుగా చేసి గోదాములో పేర్చకూడదు. వెనక చేసేవాడు తనకు తోచినంత చేసి ముందుకు తోయకూడదు, ముందువాడు అడిగితేనే చేయాలి. ఆ అడగడానికి ఒక చీటీ ఉంటుంది, దాన్ని కాన్‌బాన్ అంటారు. చీటీ రాకపోతే ఊరికే కూర్చోవాలి. ఊరికే కూర్చుంటే జీతమెవడిస్తాడని మావాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు గగుర్పొడిచింది. ఆ చీటీని నేను అంతకు ముందే నా చేత్తో పట్టుకున్నాను. అది కాగితం కాదు, మోదుగ నారతో పేనిన తాడు.

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల అడవుల్లో దళాలు తిరిగేవి. దొరల వెట్టికి ఎదురు తిరిగిన ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లే అందరూ. ఆ దళాలను పట్టుకోవడానికి ఊళ్లలో పోలీసు క్యాంపులు పడ్డాయి. క్యాంపులు పడ్డాక, అంతకు ముందు పారిపోయిన దొరలు ధైర్యంగా మళ్లీ గడీలకు చేరారు. అడవిలో ఉన్నవాళ్లకు తిండి తరువాత కావలసింది చెప్పులే. తుమ్మముల్లు కాల్లో విరిగితే మనిషి నడవలేడు, నడవలేని మనిషిని మోసుకుంటూ దళం తప్పించుకోలేదు.

మొదట్లో వాళ్లకు చెప్పులు కుట్టింది మేము కాదు, పక్క ఊరి ఎల్లయ్య. మంచి పనిమంతుడు. ఆయన ఎవరికైనా తోచే పద్ధతిలోనే చేశాడు. చిన్న, నడిమి, పెద్ద అని మూడు కొలతలు పెట్టుకుని, వీలు చిక్కినప్పుడల్లా కుట్టి గడ్డివాములో దాచేవాడు. ఫ్యాక్టరీలో దీన్ని బఫర్ స్టాక్ అంటారు, అవసరానికి అక్కరకొస్తుందని ముందే చేసి పెట్టుకున్న సరుకు. ఒకనాడు క్యాంపు వాళ్లు వాము పీకితే చెప్పులు కుప్పగా బయటపడ్డాయి. నీకొక్కనికి ఇన్ని కాళ్లు ఎక్కడివిరా అని అడిగారట. ఏ ఒక్క జతా ఎవరిదో ఆయన చెప్పలేకపోయాడు. క్యాంపులో తుపాకీ మడమతో ఆయన ఎడమ పాదం చితకగొట్టారు. వేళ్లు కొన్ని పోయాయి, మిగిలిన పాదం ముద్దయింది. వదిలిపెట్టాక మా వాడలో ఉన్న చెల్లెలి ఇంటికి చేరాడు. బూట్ల చప్పుడు వినబడితే చాలు, గోడకు అంటుకుపోయి వణికేవాడు. ఆరె చేతికిస్తే పక్కన పెట్టేసేవాడు. ఆరె అంటే తోలుకు బెజ్జం వేసే మా పనిముట్టు, అది లేకపోతే మాకు బతుకు లేదు.

దళం మనిషి ఈసారి మా అత్త దగ్గరికి వచ్చాడు. ఆమె వెంటనే ఔననలేదు, కాదనలేదు. ఎల్లయ్య పక్కన కూర్చుని ఎక్కడ ఎట్లా దొరికిపోయాడో మొదటి నుంచి చివరిదాకా చెప్పించుకుంది. తరువాత నన్ను పిలిచింది.

"ఏసోబూ, ఎల్లన్న దొరికింది చెప్పులు కుట్టినందుకు గాదు. కుప్ప పెట్టినందుకు. అవి ఎవల కాళ్లకో చెప్పలేకపోయినందుకు. మనం తాడు రాంది తోలు కొయ్యొద్దు. వచ్చిన తాడుకు గీ వాడల ఓ కాలు దొరకంది గూడ కొయ్యొద్దు."

అప్పుడు నాకు సగమే అర్థమైంది. పని మొదలయ్యాక మిగతాది అర్థమైంది, అర్థమైనకొద్దీ ఆమెను చూస్తే భయం లాంటి గౌరవం కలిగింది.

దేవ్లి అని తండా నుంచి ఒకామె కట్టెల మోపు తెచ్చి మాకు గింజలకు ఇచ్చేది. మోపు కట్టిన నార తాళ్లలో ఒకదానికి ముడులుండేవి. మడమ నుంచి బొటనవేలి దాకా ఎంతో మొదటి ముడి చెప్పేది, పాదం వెడల్పు ఎంతో రెండో ముడి చెప్పేది. అదే మాకు ఆర్డరు. ఒక తాడుకు ఒక జత. చెప్పులతో పాటు తాడునూ తిప్పి పంపేవాళ్లం, అవి అందితే తరువాతి మోపు అదే తాడుతో, ముడులు విప్పేసి వచ్చేది. తాడు రాగానే అత్త దాన్ని కొంగులో పెట్టుకుని వాడంతా తిరిగేది. వీళ్లతో వాళ్లతో ముచ్చట పెడుతూ కాళ్లు చూసేది, ఎవరి కాలు ఆ కొలతకు వస్తుందో పట్టేసేది. ఆ మనిషికి ఒక్క మాటే చెప్పేది.

"ఇయ్యాల మా రాయి మీదున్నయి నీయే."

ఎందుకని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. సోదా వాళ్లు ఎప్పుడు వచ్చినా, నేను తోలు పెట్టి కోసే, నా ముందున్న రాయి మీద ఒకే ఒక్క జత ఉండేది. ఆ జతకు వాడలో ఒక కాలు తయారుగా ఉండేది. వాడ వాడంతా తన కాళ్లు మాకు అప్పిచ్చింది. చదువూ సంధ్యా లేని ఒక ముసలమ్మ ఇంత పెద్ద పనిని ఇన్ని నోళ్ల మధ్య ఎలా నడిపిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇక తోలు. చెప్పు ఒక పూటలో అవుతుంది గానీ తోలు కాదు. పచ్చి తోలు సున్నపు నీళ్లలో నాని, తంగేడు చెక్క వేసిన లందలో ఊరడానికి వారాలు పడుతుంది. లంద అంటే తోలు ఊరబెట్టే తొట్టి. ఆ వారాలను తగ్గించడం ఎవరి వల్లా కాదు. దానికీ అత్త దగ్గర ఉపాయం ఉంది. దొర బావుల మోటలకు తోలు బొక్కెనలు కుట్టి ఇవ్వడం మా మీద ఉన్న వెట్టి, కాబట్టి ప్రతి మాదిగ ఇంట్లో తోలు ఉండాల్సిందే. తోలు ఉండటం నేరం కాదు, దాన్ని పాదం ఆకారంలో కోస్తేనే నేరం. అందుకని తాడు వచ్చేదాకా మా ఇంట్లో తోలు తోలుగానే ఉండేది. అది కూడా బొక్కెన అతుకులకు పోగా ఒక్క జతకు మించి మిగలనిచ్చేది కాదు. నాకు చేతులు దురదపెట్టి, ఖాళీగా ఉన్నప్పుడు నాలుగు అట్టలు, అంటే చెప్పు అడుగులు, కోసి పెట్టుకుంటానంటే, "ఖాళీగుంటే పొయ్యి పిల్లను ఎత్తుకో" అనేది. కిర్రు కూడా పెట్టనివ్వలేదు. అట్టల పొరల మధ్య ఒక ముక్క ఇరికిస్తే నడిచినప్పుడు కిర్రుమని మోగుతుంది, అది మా నాయిన నేర్పిన విద్య. "అడివిల నడిసెటోళ్లకు సప్పుడెందుకురా, నీ నాయిన గొప్ప చెప్పుకోను గాకపోతే" అని నవ్వేది.

తయారైన జత దేవ్లి తల మీద వెళ్లేది. మోపు కింద పెట్టుకునే చుట్టబట్టలో చెప్పులను మడిచి చుట్టి నెత్తిన పెట్టుకునేది. చెప్పు నెత్తికెత్తడం ఎంత అవమానమో మనకు తెలుసు, సోదా చేసేవాళ్లకూ తెలుసు, అందుకే వాళ్ల చూపు అక్కడికి పోలేదు. మొదటిసారి అత్తే ఆమెను అడగలేక అడిగింది. దేవ్లి తేలిగ్గా తీసేసింది.

"ముండ్లకంప మోస్తి, కట్టెలు మోస్తి. గిది మోస్తే నెత్తి అరుగుతదా అక్కా."

ఇప్పుడు ఆ జత సంగతి. ఒక పొద్దున దేవ్లి మోపు దించింది. ఎప్పుడూ ముడుల తాడు ఒకటే ఉండేది, ఆ రోజు రెండున్నాయి. కుడికాలిదని దేవ్లి చూపిన తాడు మామూలుగానే ఉంది. ఎడమకాలి తాడులో ముడులు బాగా దగ్గరగా పడ్డాయి. ఎవరో తప్పు కొలిచారన్నాను.

"తప్పు గాదన్నా" అంది దేవ్లి. "ఆ మనిషికి ఎడమకాలు ముందటి భాగం లేదు. మామూలు చెప్పు తొడిగితే జారిపడ్తున్నది. రేపు దళం భూపాలపల్లి దిక్కు అడివికి పోతది. నడవకపోతే ఆమెను ఈన్నే ఇడిసి పోవాలె."

ఇక్కడ విడిచిపెట్టడమంటే క్యాంపు చేతికి చిక్కడమే. క్యాంపులో కాళ్లను ఏం చేస్తారో మా వాడలో అందరికీ ఎల్లయ్యను చూస్తే తెలుసు. అత్త తాళ్లు రెండూ చేతిలో పట్టుకుని పక్కపక్కన పెట్టి చూసింది.

"అత్తా, గీ తాడుకు వాడల కాలు లేదు" అన్నాను. "నువ్వు పెట్టిన కట్టుబాటే. కొయ్యలేం."

"ఉన్నది" అంది అత్త, ఎల్లయ్య చెల్లెలి గుడిసె వైపు చూస్తూ.

ఇద్దరం వెళ్లాం. ఎల్లయ్య పాదానికి పసరు పెట్టి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. అత్త ఆయన ముందు కూర్చుని తాడును పాదం పక్కన పరిచింది. కాలు కొద్దిగా తక్కువైంది.

"ఎల్లన్నా, కట్టు ఇంక రెండు సుట్లు ఎక్కువ కడితే తాడుకు సరిపోతది. ఇయ్యాల రాయి మీదున్నయి నీయే అని చెప్పాలె. నీకు పానం ఒప్పకపోతే ఒద్దు. నేనేమనుకోను."

"వాళ్లొస్తే ముందటికి రావాలె గదా" అన్నాడు ఎల్లయ్య.

"రావాలె."

"నాకు వాళ్లను చూస్తే కాళ్లాడయి, పోశవ్వా."

"నాకెర్కే."

ఆయన పక్కనున్న గుడ్డ పేలిక తీసి కట్టు మీద ఇంకో రెండు చుట్లు చుట్టుకున్నాడు. తరువాత నా వైపు తిరిగి, "ఎడమ అట్టకు మడమ కాడ ఇంకో పట్టీ ఎయ్యి. ముందు పట్టు లేని కాలు ఎనకకు జారదు, ముందటికి జారుతది. పట్టీ గుంజి పట్టాలె" అన్నాడు. క్యాంపు నుంచి వచ్చాక ఆయన పని గురించి మాట్లాడటం అదే మొదటిసారి.

వచ్చి తోలు కోశాను. ఇంట్లో ఉన్న మంచి తోలంతా ఆ జతకే అయిపోయింది. ఎడమ అట్ట కుట్టడం ముగిసి కుడిది సగంలో ఉండగా వాడ మొదట్లో కుక్కలు మొరిగాయి. క్యాంపు జమేదారు, నలుగురైదుగురు జవాన్లు. జమేదారుకు తెలుగు రాదు, మన దిక్కు జవాను ఒకడు ఆయన మాటలు మాకు, మా మాటలు ఆయనకు చెప్పేవాడు. ఇంట్లో కుండలు, గాబు, లంద అన్నీ కలియబెట్టారు. ఏమీ దొరకలేదు, దొరకడానికి ఏమీ లేదు. ఆఖరికి జమేదారు నా రాయి ముందుకు వచ్చి పొట్టి అట్టను తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఎవలియిరా ఇవి?" అన్నాడు జవాను.

జవాబు చెప్పవలసింది నేనూ కాదు, అత్తా కాదు. గుడిసెల మధ్య నుంచి ఎల్లయ్య వచ్చాడు. కర్ర పట్టుకుని, ఒళ్లంతా వణుకుతూ, ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చాడు. జమేదారు చేతిలోని అట్ట కోసం చేయి చాచాడు. దాన్ని నేల మీద పెట్టి, కట్టు కట్టిన పాదం దాని మీద మోపాడు. సరిగ్గా కూర్చుంది.

"కాలుకేమైందో అడుగుతున్నడు" అన్నాడు జవాను.

"మీ క్యాంపులనే అయింది" అన్నాడు ఎల్లయ్య.

జవాను తల దించుకున్నాడు. ఆ తరువాత జమేదారుతో వాళ్ల భాషలో ఏదో రెండు ముక్కలు చెప్పాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. జమేదారు ఎల్లయ్య మొహం చూడకుండా, పని ముగించమని చేత్తో సైగ చేశాడు. వెళ్లిపోతాడనుకున్నాను, మంచం వేయించుకుని కూర్చున్నాడు. కుడి చెప్పు కుట్టడం అయ్యేదాకా కదల్లేదు. ఎల్లయ్య రెండూ తొడుక్కుని వాడలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాకే లేచాడు.

వాళ్లు పోయాక మాకు ఊపిరి వచ్చింది, ఆ వెంటనే అసలు చిక్కు తెలిసింది. జత ఇప్పుడు ఎల్లయ్య కాళ్లకు ఉంది. వాడ మొదట్లో ఆ తెలుగు జవానునే కాపలా పెట్టి పోయారు. దేవ్లి నెత్తిన ఆ జత పంపిస్తే ఎల్లయ్య చెప్పులేవని అడుగుతారు. ఇంకో జత కుడదామంటే తోలు లేదు, లందలో ఉన్నది ఇంకా ఊరలేదు. కుప్ప పెట్టని పద్ధతిలో ఉన్న కష్టం అదే. ఒక్కటి ఆగితే దాని వెనక ఇంకొకటి ఉండదు. రేపు దళం కదులుతుంది. అత్త అంతటి మనిషి పందిరి గుంజకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆమె మొహంలో దారి కనబడకపోవడం నేను అంతకు ముందు చూడలేదు.

"నేను బయ్యారం దవాఖానకు పోత" అన్నాడు ఎల్లయ్య. "కాలు చూపిచ్చుకొస్తనని ఆ జవానుకు చెప్పి పోత. దేవ్లి ముందు నడువని. వాగు కాడ ఇచ్చొస్త."

"చెప్పులు లేకుంట తిరిగొస్తే ఏమని చెప్తవ్?" అని అడిగాను.

ఎల్లయ్య నవ్వాడు. ఆయన నవ్వు చూసి ఎన్నాళ్లైందో. "తొవ్వల దొర గడీ ఉన్నది గదరా, ఏసోబూ."

ఆ కాలుతో ఆయన వాగు దాకా నడిచాడు. దేవ్లి తలపై ఖాళీ చుట్టబట్టతో, చేతిలో మోపు తాళ్లతో ముందు నడిచింది. పొద్దు వాలుతుండగా ఎల్లయ్య ఒట్టి కాళ్లతో తిరిగి వచ్చాడు. కట్టు రక్తంతో తడిసి ఉంది. కాపలా జవాను ఆపి చెప్పులేవని అడగడం మేము పందిరి కింద నుంచి విన్నాం.

"గడీ ముందట నుంచి వస్తుంటే గుంజుకున్నరు. మాదిగోనికి చెప్పులెందుకన్నరు."

జవాను మరో మాట అడగలేదు. మనసులో నొచ్చుకున్నాడో, అది మామూలేనని ఊరుకున్నాడో గానీ పొమ్మన్నాడు. ఊరందరికీ చెప్పులు కుట్టే మేము గడీ ముందు చెప్పులతో నడవకూడదు. తరతరాలుగా మమ్మల్ని తొక్కిన ఆ కట్టుబాటే ఆ పూట ఒక మనిషిని కాపాడింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషం, మంట రెండూ ఒకేసారి వస్తాయి.

ఎల్లయ్య కూర్చుని కాలు చాపుకున్నాక చెప్పాడు. "ఆడపిల్ల, పోశవ్వా. మన పిల్లల ఈడుదే. చెప్పులు తొడుక్కొని లేసి నడిసింది. నా కాలు చూసి మల్ల కూసున్నది. ఏమడగలే. నార తెంపి నా రెండు కాళ్లు కొలుసుకున్నది. ఎందుకు బిడ్డా అంటే చెప్పలే."

తరువాత దేవ్లి తెచ్చిన మోపుకు నాలుగు తాళ్లున్నాయి. రెండింటికి ముడులు విప్పేసి ఉన్నాయి. అంటే చెప్పులు పనికొచ్చాయి, ఆమె దళంతో కదిలింది. మిగిలిన రెండింటికి ముడులున్నాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అత్త అలవాటు కొద్దీ వాటిని కొంగులో పెట్టుకుని వాడలోకి బయలుదేరబోయి, ఆగి, నేరుగా ఎల్లయ్య దగ్గరికి వెళ్లింది. పొట్టి తాడు ఆయన పాదం పక్కన పరిచింది. ఈసారి తక్కువ కాలేదు.

"రాయి మీదికొచ్చేటియి నీయే, ఎల్లన్నా" అంది. ఎన్నిసార్లో అన్న మాటే, ఈసారి నిజం.

లందలో తోలు ఊరగానే కోశాను. ఎడమది నేను కుట్టలేదు. ఎల్లయ్య నా చేతిలోంచి ఆరె తీసుకున్నాడు. అత్త చూసి, పోతూ పోతూ, "ఏసోబూ, దాంట్ల కిర్రు పెట్టుండ్రి" అంది.

ఫ్యాక్టరీలో ఆ ఇంజనీరు పాఠం ముగించి సందేహాలున్నాయా అన్నప్పుడు నేను ఒకటే అడిగాను. వెనకాల స్టాకు లేనప్పుడు మధ్యలో ఏదైనా ఆగిపోతే ఎట్లా సార్ అని. ఆయన ఆలోచించే చెప్పాడు. లైను ఆగుతుంది, ఆగినచోటికి అందరూ తమ పని వదిలి పరుగెత్తాలి, అట్లా పరుగెత్తే మనుషులు లేని చోట ఈ పద్ధతి పెట్టకండి అన్నాడు. అంతకంటే నిజమైన మాట నేను వినలేదు. తోలు తక్కువ పెట్టుకోవచ్చు, అట్టలు తక్కువ పెట్టుకోవచ్చు, మనుషుల్ని మాత్రం తక్కువ పెట్టుకుంటే పని నడవదు. మా దగ్గర పని ఆగిన రోజు పరుగెత్తింది ఎల్లయ్య, ఆ కాలుతోనే.